లాక్‌డౌన్‌లో లాయర్లు ఎలా నెట్టుకొచ్చారు: ఒక జిల్లా కోర్టు లాయరు సమాధానం

ప్రశ్న: నేను ఎన్‌రోల్ అయి ఏడాదిన్నర అయింది. 2020 లాక్‌డౌన్ మాట వస్తే చాలు, మా సీనియర్లు "ఆ రోజులు మళ్ళీ వద్దు" అంటారు, అంతకు మించి చెప్పరు. కోర్టులే మూతపడితే లాయర్లు ఏం పని చేశారు? ఎలా బతికారు? మళ్ళీ అలాంటిది వస్తే నాలాంటి జూనియర్ ఏం చేయాలి?

సమాధానం:

నేను గుంటూరులో ఇరవై ఏళ్ళకు పైగా ప్రాక్టీసు చేస్తున్నాను. సివిల్, క్రిమినల్ రెండూ చూస్తాను. మిర్చి యార్డు ఉన్న ఊరు కాబట్టి చెక్కు కేసులు ఎక్కువ. మీ ప్రశ్నకు నా జవాబు ఇది: ఆ రోజుల్లో కోర్టు హాలుకు తాళం పడింది గానీ క్లయింటు అవసరానికి పడలేదు. ఆ అవసరం వచ్చినప్పుడు ఫోన్‌కి దొరికిన లాయర్లే నిలదొక్కుకున్నారు. అదెలాగో వివరంగా రాస్తాను.

2020 మార్చి 24 రాత్రి ప్రధాని 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. మాకు మరుసటి రోజు నుంచి కాల్ వర్క్ (ఉదయాన్నే కేసులు పిలిచి వాయిదాలు వేయడం) లేదు, సాక్షులు లేరు, వాదనలు లేవు. వాయిదాలన్నీ గుంపుగా ముందుకు జరిగిపోయాయి. అయితే రిమాండ్లు ఆగలేదు. పోలీసులు లాక్‌డౌన్ ఉల్లంఘన కింద ఐపీసీ 188 సెక్షన్‌తో కేసులు పెడుతూనే ఉన్నారు. జైల్లో ఉన్నవాడు జైల్లోనే ఉన్నాడు. భర్త చేతిలో దెబ్బలు తింటున్న ఆడమనిషి ఇప్పుడు రోజంతా ఆ భర్తతోనే అదే ఇంట్లో ఉండాల్సి వచ్చింది. అద్దె ఇవ్వలేని దుకాణదారు, సరుకు యార్డులో ఇరుక్కుపోయిన రైతు, జీతం రాని ఉద్యోగి, వీళ్ళందరికీ సలహా కావాలి. మే నెల మొదట్లో కేంద్రం విడుదల చేసిన జాబితాలో గుంటూరు జిల్లా రెడ్ జోన్. ఆఫీసుకు వెళ్ళే దారి లేదు, వెళ్దామంటే లాయరు పని అత్యవసర సేవల జాబితాలో లేదు. కేసు కట్టలు ఆఫీసులో, మేము ఇంట్లో.

ముందు గడువుల సంగతి చెప్తాను, మా అందరికీ మొదటి వారం టెన్షన్ అదే. అప్పీలు గడువు ముగుస్తోంది, చెక్కు నోటీసు ఇచ్చే 30 రోజులు దాటిపోతున్నాయి, ఎక్కడ వేయాలి, ఎలా వేయాలి? మార్చి 23న సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టి, మార్చి 15 నుంచి లిమిటేషన్ గడువులన్నీ (కేసు, అప్పీలు వేయడానికి చట్టం పెట్టిన గడువులు) పొడిగిస్తున్నట్టు ఉత్తర్వు ఇచ్చింది. మే 6న ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వం) గడువులకూ చెక్కు బౌన్స్ చట్టంలోని 138 సెక్షన్ గడువులకూ అది వర్తిస్తుందని చెప్పింది. జులై 10న నోటీసులు, సమన్లు ఈమెయిల్, వాట్సాప్ లాంటి మార్గాల్లోనూ పంపవచ్చని అనుమతించింది. ఆ తర్వాత 2021 మార్చిలో ఈ వెసులుబాటు ముగిసిందన్నారు, ఏప్రిల్‌లో రెండో వేవ్ రాగానే తిరిగి తెచ్చారు. చివరికి 2022 జనవరి 10 నాటి ఉత్తర్వుతో 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసేశారు.

మార్చి 23 నాటి మొదటి ఉత్తర్వు వినగానే చాలామంది "ఇంక తొందరేం లేదు" అని కట్టలు పక్కన పెట్టేశారు. ఇక్కడే జాగ్రత్తగా ఉండాల్సింది. పొడిగింపు ప్రతి గడువుకీ వర్తించలేదు. 2020 సెప్టెంబరులో సగుఫా అహ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఒక తేడా చూపించింది: చట్టం ఇచ్చిన అసలు గడువు పొడిగించారు తప్ప, ఆ తర్వాత ఆలస్యాన్ని మన్నించడానికి కోర్టుకు ఉన్న పరిమిత కాలాన్ని కాదు అని. తర్వాత వచ్చిన ఉత్తర్వులతో ఆ కాలానికీ వెసులుబాటు దొరికింది గానీ, మధ్యలో నెలల తరబడి ఎంతమంది కక్షిదారులు దిక్కుతోచక తిరిగారో నాకు తెలుసు. కాబట్టి ఉత్తర్వు గురించి వాట్సాప్ గ్రూపులో వచ్చిన ముక్క చదివి ఊరుకోవద్దు. ఉత్తర్వు మొత్తం చదవాలి. వేయగలిగింది వేసేయాలి.

క్రిమినల్ వైపు ఇంకా ముఖ్యమైన సంగతి ఉంది. గడువులు పొడిగించారు కాబట్టి పోలీసులు చార్జిషీటు వేయడానికి ఉన్న 60, 90 రోజుల గడువు కూడా పొడిగించినట్టేనని కొన్ని చోట్ల వాదించారు. మద్రాసు హైకోర్టులో ఒక జడ్జి ఆ వాదన ఒప్పుకున్నారు కూడా. 2020 జూన్ 19న ఎస్. కాశి కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. డిఫాల్ట్ బెయిలు, అంటే గడువులో చార్జిషీటు రాకపోతే దక్కే బెయిలు, నిందితుడి స్వేచ్ఛకు సంబంధించిన హక్కు, లాక్‌డౌన్ పేరుతో దాన్ని లాక్కోవడం కుదరదని తేల్చింది. ఆ తీర్పు వచ్చేదాకా ఎవరు ఎదురు చూడలేదో తెలుసా? తన డైరీలో ప్రతి రిమాండు కేసుకూ 60వ రోజు, 90వ రోజు ముందే రాసి పెట్టుకున్న లాయరు. ఆ రోజు దాటగానే ఈమెయిల్లో బెయిలు పిటిషన్ వేసేశాడు. చార్జిషీటు రాకముందే పిటిషన్ వేసినవాడికే ఆ హక్కు దక్కుతుంది. చార్జిషీటు పడ్డాక అడిగితే లాభం లేదు. ఇప్పుడు ఇది పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్ 187 సెక్షన్‌లోకి వచ్చింది, లెక్క మాత్రం అదే.

జైళ్ళ విషయంలో కూడా పని దొరికింది. మార్చి 23నే సుప్రీంకోర్టు, జైళ్ళలో రద్దీ తగ్గించడానికి రాష్ట్రానికో హై పవర్డ్ కమిటీ వేయమంది. ఏడేళ్ళ వరకు శిక్ష పడే నేరాల్లో ఉన్నవాళ్ళను పెరోల్ మీద గానీ తాత్కాలిక బెయిలు మీద గానీ వదలడం పరిశీలించమంది. 2021 మే 7న మళ్ళీ అదే పని చేయించింది, అర్నేష్ కుమార్ తీర్పు ప్రకారం అనవసరపు అరెస్టులు చేయొద్దని గుర్తు చేసింది. పేదలకు ఉచితంగా లాయరును ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్లో ఉన్న లాయర్లకు అప్పుడు ఊపిరి తీసుకోలేనంత పని. డబ్బు తక్కువే, కానీ ఆ నెలల్లో నేను చూసిన లాయర్లలో కాస్త ప్రశాంతంగా ఉన్నది వాళ్ళే. రోజూ ఎవరో ఒకరిని ఇంటికి పంపుతున్నామన్న తృప్తి చిన్నది కాదు.

బెయిలు వచ్చినా మనిషి బయటికి రాకపోవడం మరో బాధ. జామీనుదారులు రావాలి, వాళ్ళ ఆస్తి కాగితాలు రావాలి, తహసీల్దారు సర్టిఫికెట్ కావాలి, రోడ్డు మీద ప్రతి కూడలిలో పోలీసులు. అందుకే బెయిలు పిటిషన్లోనే "సొంత పూచీకత్తు మీద వదలండి, జామీనుదారులను లాక్‌డౌన్ అయ్యాక ఇస్తాం" అని అడగడం నేర్చుకున్నాం. చాలా కోర్టులు ఒప్పుకున్నాయి. ఉత్తర్వు కాపీ జైలుకు చేరక మనుషులు లోపలే ఉండిపోయే సమస్య పెద్దదయ్యాక, జస్టిస్ ఎన్.వి. రమణ గారు ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా 2021లో సుప్రీంకోర్టు దాన్ని స్వయంగా చేపట్టింది. 2022 మార్చి 31న 'ఫాస్టర్' అనే వ్యవస్థ మొదలైంది. సుప్రీంకోర్టు ఉత్తర్వులు ఆన్‌లైన్‌లో నేరుగా జైలుకు చేరతాయి. ఆ రెండేళ్ళ కష్టంలోంచి వచ్చిన మంచి ఇది.

ఇక వీడియో విచారణలు. ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు, వీడియో ద్వారా కోర్టులు నడపడానికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే తప్ప సాక్ష్యం మాత్రం వీడియోలో నమోదు చేయకూడదని అందులోనే ఉంది. అది సరైన జాగ్రత్తే. క్రాస్ (అవతలి పక్షం సాక్షిని ప్రశ్నించడం) చేసేటప్పుడు సాక్షి పక్కన ఎవరున్నారో, ఎవరు చెవిలో చెబుతున్నారో కెమెరాలో కనపడదు. అందువల్ల ట్రయల్ కోర్టు లాయర్లకు వీడియో పెద్దగా పనికిరాలేదు, హైకోర్టు లాయర్లకు పనికొచ్చింది. హైదరాబాదులోని తెలంగాణ హైకోర్టులో గానీ నేలపాడులోని ఆంధ్ర హైకోర్టులో గానీ రిట్లు, హౌస్ మోషన్లు (కోర్టు వేళలు దాటాక అత్యవసరంగా వినే పిటిషన్లు) వీడియోలో నడిచాయి. జిల్లాల్లో మేము బెయిలు, ఇంజంక్షన్ లాంటి అత్యవసర పిటిషన్లకే పరిమితం.

మే 13న సుప్రీంకోర్టు కోటు, గౌను అక్కర్లేదంది, తెల్ల చొక్కా లేదా తెల్ల చీర, మెడలో తెల్ల బ్యాండు చాలంది. ఇంట్లో ఏసీ లేకుండా మే నెలలో వాదించేవాళ్ళకు అదే పదివేలు. కానీ అసలు ఇబ్బంది నెట్. పల్లెటూరికి వెళ్ళిపోయిన జూనియర్లు సిగ్నల్ కోసం మేడ ఎక్కి వాదించారు. అరవై దాటిన సీనియర్ల సంగతి ఇంకా కష్టం. నలభై ఏళ్ళు నిలబడి వాదించిన మనిషి, మ్యూట్ తీయడం తెలియక తన కేసు పిలిచినప్పుడు జవాబు చెప్పలేకపోతే ఆయన ముఖంలో కనిపించే అవమానం నేను చూశాను. అప్పుడు జూనియర్ల విలువ తెలిసింది. ఒక జూనియర్ పక్కన కూర్చుని లింకు చూసుకుంటే సీనియర్ హాయిగా వాదించాడు. మీకు ఏడాదిన్నర అనుభవమే ఉండొచ్చు, కానీ మీ సీనియర్‌కి ఇందులో మీరే దిక్కు. అది అణకువగా చేయండి, పది కాలాలు గుర్తుంటుంది.

వీడియోలో వాదనకు నేను నేర్చుకున్న పద్ధతి రాస్తాను. జడ్జి గారికి మీ ముఖం కంటే మీ కాగితం ముఖ్యం. పేజీ నంబర్లు వేసిన ఒకే పీడీఎఫ్, దాని ముందు రెండు పేజీల రాతపూర్వక వాదన. మొదటి నిమిషంలోనే "పేజీ 14, రెండో పేరా" అని చూపించగలగాలి. నెట్ పోయినా ఆ రెండు పేజీలే మీ తరఫున మాట్లాడతాయి. వీడియోలో జడ్జి ముఖకవళికలు సరిగ్గా తెలియవు, బెంచి మీద నుంచి వచ్చే చిన్న నిట్టూర్పు వినపడదు, అందుకని చెప్పాల్సింది చెప్పి ఆపాలి, వాళ్ళు అడగడానికి చోటు ఇవ్వాలి. కాగితాలు స్కాన్ చేయడానికి అప్పట్లో అందరం క్యామ్‌స్కానర్ వాడేవాళ్ళం. జూన్ 29న ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు అది కూడా పోయింది, ఫైళ్ళన్నీ వేరే చోటికి మార్చుకోవడానికి నానా అవస్థ పడ్డాం. కేసు కాగితాలు ఒకే యాప్‌లో దాచకండి, విడిగా హార్డ్ డిస్కులో ఒక కాపీ ఉంచుకోండి.

డబ్బు గురించి మీ సీనియర్లు ఎవరూ చెప్పరు. నేను చెప్తాను, ఎందుకంటే "ఆ రోజులు వద్దు" అనడంలో సగం బాధ ఇదే.

జిల్లా కోర్టు లాయరుకి నెల జీతం లేదు. కేసు వేసినప్పుడు కొంత, సాక్ష్యం దశలో కొంత, వాదనల ముందు కొంత. మధ్యలో మెమోలు, కాపీ అప్లికేషన్లు, చిన్న పిటిషన్లతో రోజు ఖర్చు వెళ్ళిపోతుంది. వాయిదాలు వాటంతట అవే జరిగిపోతుంటే క్లయింటు రాడు, డబ్బూ రాదు. ఆఫీసు అద్దె, గుమస్తా జీతం, చీటీ, పిల్లల ఫీజులు మాత్రం తప్పవు. రిజర్వ్ బ్యాంకు మార్చి 27న అప్పుల కంతుల మీద మారటోరియం (కట్టడం వెనక్కి జరుపుకునే వీలు) ఇచ్చి ఆగస్టు 31 దాకా పొడిగించింది, కానీ వడ్డీ ఆగలేదు, ఆ సంగతి చాలామందికి తర్వాత గానీ అర్థం కాలేదు. వేరే పని చేసుకుందామంటే బార్ కౌన్సిల్ నియమాలు అడ్డం. లాయరు స్వయంగా వ్యాపారం చేయకూడదు, పూర్తికాలపు జీతం ఉద్యోగం చేయకూడదు. పనికోసం ప్రకటన ఇచ్చుకోకూడదు. కొందరు జూనియర్లు ఊళ్ళకు వెళ్ళి నాన్నతో పొలం పని చూసుకున్నారు. కొందరు ఎవరికీ చెప్పుకోలేక అప్పులు చేశారు. నల్లకోటు వేసుకున్నవాడు చేయి చాచలేడు, అదే ఈ వృత్తిలో ఉన్న నరకం.

సాయం రాలేదని కాదు. తెలంగాణ ప్రభుత్వం లాయర్ల కోసం 25 కోట్లు ఇచ్చింది. ఆంధ్రలో జూనియర్లకు మొదటి మూడేళ్ళు నెలకు 5 వేలు ఇచ్చే లా నేస్తం పథకం అంతకు కొన్ని నెలల ముందే, 2019 డిసెంబరులో మొదలైంది. కోట్లు వినడానికి పెద్దవిగా ఉంటాయి గానీ లాయర్ల సంఖ్యతో భాగిస్తే ఇంటికి రెండు నెలల సరుకులు కూడా రావు. ఎక్కువ కుటుంబాలు గడిచింది ఇంట్లో ఇంకొకరి జీతం వల్ల, లేదా బార్‌లో తోటివాళ్ళు పేరు బయట పెట్టకుండా పంపిన డబ్బు వల్ల.

నియమాల్లోనే ఒక దారి ఉంది, అది చాలామందికి తెలియదు. బార్ కౌన్సిల్ నియమాల్లో 51వది చూడండి: లా పరీక్షలకు కోచింగ్ ఇవ్వవచ్చు, న్యాయ పుస్తకాలు ఎడిట్ చేయవచ్చు, ప్రశ్నపత్రాలు తయారుచేయవచ్చు, పత్రికలకు రాయవచ్చు, ఉపన్యాసాలు ఇవ్వవచ్చు. లా కాలేజీలో రోజుకు 3 గంటలకు మించకుండా పాఠం చెప్పడానికీ 1979 నియమాలు ఒప్పుకుంటాయి. తీర్పుల అనువాదం, ఒప్పందాలు రాయడం, ఆస్తి టైటిల్ (హక్కు పత్రాలు) పరిశీలించి లీగల్ ఒపీనియన్ ఇవ్వడం ఎలాగూ మన పనే, వాటికి కోర్టు తెరిచి ఉండనక్కర్లేదు. కోర్టు బయట చేయగల ఇలాంటి పని ఒకటైనా ఇప్పుడే చేతికి అలవాటు చేసుకోండి.

ఫీజు అడగడానికి మొహమాటపడకండి. ఫోన్లో గంటసేపు సలహా చెప్పి, "తర్వాత చూద్దాంలెండి" అనడం మాలో చాలామందికి అలవాటు. లాక్‌డౌన్‌లో ఆ అలవాటు మానుకున్నవాళ్ళే ఇల్లు నడిపారు. ఏ దశకు ఎంత అన్నది కేసు తీసుకున్న రోజే కాగితం మీద రాసుకోండి, ఫోన్‌పే నంబరు దాని మీదే ఉండాలి. ఇవ్వలేని పేదవాడికి ఉచితంగా చేయండి. అది మీ నిర్ణయంగా జరగాలి, అడగలేకపోవడం వల్ల కాదు.

కోర్టు చుట్టూ బతికేవాళ్ళను కూడా మరిచిపోవద్దు. గుమస్తా, టైపిస్టు, జిరాక్సు షాపు, స్టాంపు వెండరు, టీ కొట్టు. వీళ్ళకు లాయరు పాటి పలుకుబడి కూడా లేదు. గుమస్తాల సంక్షేమ నిధికి మన దగ్గర 1992 నుంచే చట్టం ఉంది, మీ ఆఫీసు గుమస్తా అందులో సభ్యుడో కాదో రేపే అడగండి. అడిగేవాళ్ళు లేకే చాలామంది చేరలేదు. జీతం సగమైనా ఆపకుండా ఇచ్చిన ఆఫీసుల్లో గుమస్తా కోర్టు తెరిచిన మొదటి రోజే కట్టలన్నీ సర్దుకుని సిద్ధంగా ఉన్నాడు. జీతం ఆపేసిన ఆఫీసులు నెలల తరబడి ఏ ఫైలు ఎక్కడుందో తెలియక ఇబ్బంది పడ్డాయి.

ఆడ లాయర్లు పడ్డ కష్టం వేరు. ఇంట్లో ఉన్నారు కదా అని వంట, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, అత్తమామల మందులు అన్నీ వాళ్ళ మీదే పడ్డాయి. మధ్యలో లింకు తెరిచి వాదన. పైగా గృహహింస కేసుల్లో బాధితులు ఎక్కువగా ఫోన్ చేసింది వాళ్ళకే. ఆ కేసుల్లో మా సహచర లాయరు ఒకావిడ పాటించిన పద్ధతి మీకూ చెప్తాను. ఆమె ఎప్పుడూ బాధితురాలికి తానుగా ఫోన్ చేసేది కాదు, మెసేజ్ కూడా పెట్టేది కాదు. ఫోన్ భర్త చేతిలో ఉండొచ్చు. పాల కోసమో కూరగాయల కోసమో బయటికొచ్చినప్పుడు ఆ అమ్మాయే లాయరుకు ఫోన్ చేసేది. ఆ కొద్ది నిమిషాల్లో అడగాల్సిన ప్రశ్నలు లాయరు ముందే రాసి పెట్టుకునేది. 181 హెల్ప్‌లైన్, బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం, గృహహింస చట్టం కింద ఉండే ప్రొటెక్షన్ ఆఫీసరు, ఈ మూడు దారులూ ఆ అమ్మాయికి నోటికి వచ్చేలా చెప్పేది. అన్నట్టు, క్లయింటు చెప్పేది మన ఇంట్లోవాళ్ళ చెవిన పడకూడదు. గదిలో తలుపు వేసుకుని, ఇయర్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడటం మర్యాద మాత్రమే కాదు, వృత్తి ధర్మం.

మనసు సంగతి. లాయరుకి రోజూ బార్ రూములో నలుగురితో మాట్లాడకపోతే తోచదు. అక్కడ ఓడిన కేసు గురించి చెప్పుకుంటాం, తెలియని సెక్షన్ అడుగుతాం. అది పోయేసరికి చాలామంది కుంగిపోయారు. 2021 ఏప్రిల్, మే నెలల్లో అయితే ఫోన్ తీయాలంటేనే భయం, ఏ తోటి లాయరు పోయాడో అని. చివరిచూపుకు కూడా వెళ్ళలేకపోయాం. దీనికి నా దగ్గర మందు లేదు. పనికొచ్చింది ఒకటే: మేము కొందరం రోజూ సాయంత్రం ఒక తీర్పు పెట్టుకుని ఫోన్లో చర్చించేవాళ్ళం. తీర్పు ఒక సాకు, ఒకరి గొంతు ఒకరు వినడం ముఖ్యం. ఎవరైనా వరసగా రాకపోతే మర్నాడు వాళ్ళ ఇంటికి ఫోన్ వెళ్ళేది. ఇద్దరు ముగ్గురి ఇళ్ళలో జ్వరం సంగతి అలాగే బయటపడింది, ఆసుపత్రిలో మంచం వెతకడానికి అదే గ్రూపు పరిగెత్తింది.

క్లయింట్లకు వారానికోసారి ఫోన్ చేయడం కూడా అప్పుడే అలవాటైంది. చెప్పడానికి ఏమీ లేకపోయినా "మీ కేసు ఫలానా తేదీకి పడింది, కంగారు పడకండి" అని చెప్తే చాలు. ఈ-కోర్ట్స్ యాప్‌లో ప్రతి కేసుకూ ఉండే సీఎన్‌ఆర్ నంబరు (అక్షరాలు, అంకెలు కలిపి 16) కొడితే వాయిదా తెలిసిపోతుంది, ఆ నంబరు క్లయింటుకే ఇచ్చి చూసుకోవడం నేర్పాం. కోర్టులు తెరిచాక కట్టలు తీసుకుని వేరే లాయరు దగ్గరికి వెళ్ళిపోయినవాళ్ళను అడిగితే దాదాపు అందరూ చెప్పిన కారణం ఒకటే, "ఆయన ఫోన్ ఎత్తలేదండీ" అని.

మీరు ఇప్పుడు చేయాల్సింది: మీ దగ్గరున్న ప్రతి కేసుకూ క్లయింటు ఫోన్ నంబరు, ఇంట్లో ఇంకొకరి నంబరు, సీఎన్‌ఆర్, తర్వాతి గడువు, జైల్లో ఉంటే 60, 90 రోజుల తేదీలు ఒక చోట రాసి, ఇంట్లోనూ ఫోన్లోనూ కాపీ ఉంచుకోండి. ముఖ్యమైన కట్టలు స్కాన్ చేయండి. బీఎన్‌ఎస్‌ఎస్‌లో 530 సెక్షన్ క్రిమినల్ విచారణలనే ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరపవచ్చంటోంది, ఈ-ఫైలింగ్ (ఆన్‌లైన్‌లో కేసు వేయడం) నేర్చుకోకపోతే రేపు లాక్‌డౌన్ లేకపోయినా వెనకబడతారు. ఆరు నెలల ఇంటిఖర్చు పక్కన పెట్టుకోమని చెప్పాలని ఉంది, కానీ జూనియర్‌కి ఎంత వస్తుందో నాకు తెలుసు. అందుకే ఈ చివరి మాట మీ సీనియర్లకు కూడా చూపించండి: 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, జూనియర్లకు నగరాల్లో నెలకు 20 వేలు, పల్లె ప్రాంతాల్లో 15 వేలు ఇమ్మని సిఫారసు చేసింది. అది తప్పనిసరి కాదు, చిన్న ఆఫీసులు అంత ఇవ్వలేవు కూడా. ఎంత ఇవ్వగలరో అంత, నెల నెలా ఒకే తేదీకి ఇస్తారా అని అడగండి. నేను నా ఆఫీసులో జూనియర్లకు 2020 నుంచి అలాగే ఇస్తున్నాను.